ఇసుక పాప

అమ్మమ్మ గురక మొదలైంది. పిడుగు పని మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో అందరూ భోంచేసి నడుం వాల్చారు. పిడుగు మునివేళ్ల మీద నడుచుకుంటూ స్టూలు దగ్గరికి వెళ్లింది. స్టూలు మీద కూర్చున్న ఇసుక పాపని బోర్లా తిప్పి, వీపు మీది గుండీలు ఒక్కొక్కటే విప్పింది. లోపలి నుంచి గరిటెడు ఇసుక తీసి డబ్బాలో పోసింది. తీసిన చోట రంపపు పొట్టు కూరి, పైకి కనపడకుండా దాని మీద ఇసుక సర్దింది. పక్కింటి కార్పెంటర్ మావయ్యని అడిగి తెచ్చుకున్న పొట్టు అది. గుండీలు పెట్టేసి చూస్తే, ఇసుక పాప బొజ్జ ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

డబ్బాలో ఇసుకని బాల్కనీ పూలకుండీల్లో పోసి చేతులు దులుపుకుంది. ఇలా చేయడం ఇది ఆరోసారి. కుండీల్లో మట్టి వారం వారం ఎందుకు పెరుగుతోందో అమ్మకి అంతుపట్టడం లేదు.

పిడుగుకి అసలు పేరు వేరే ఉంది కానీ, అది స్కూలు రిజిస్టరులోనే ఉండిపోయింది. వయసు పదేళ్లు. ఏం చేసినా మంచిపనే చేస్తున్నాననుకుంటుంది. దానితో వచ్చిన చిక్కే అది.

ఇంతకీ ఈ ఇసుక పాప ఎవరంటారా? చెబుతాను.

పోయిన ఏడాది అమ్మమ్మ బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కుంది. కానీ పరీక్షలు చేసిన డాక్టరు, ఎముకలు గుల్లబారాయని చెప్పి, మందులు రాసి, ఫిజియో అక్క దగ్గరికి పంపాడు. వ్యాయామంతో వైద్యం చేయడం ఆ అక్క పని. ప్రతి శనివారం లైబ్రరీ మేడ మీది హాల్లో ఎనిమిది మంది మామ్మలకి క్లాసు చెబుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తడం. ఒంటికాలి మీద నిలబడటం. వీటన్నిట్లో అమ్మమ్మే ఫస్టు. పిడుగు పక్కన కూర్చుని అందరికీ లెక్కపెట్టేది.

"మా చిన్నమ్మాయికి కాన్పు దగ్గరికొచ్చింది," అంది అమ్మమ్మ ఒక శనివారం. "బిడ్డని ఎత్తుకోవాలమ్మా నేను. డాక్టరేమో బరువులు ఎత్తొద్దంటాడు."

"ఇప్పుడే వద్దు. కానీ అలవాటు చేద్దాం మామ్మగారూ," అంది ఫిజియో అక్క. "రెండు కిలోల సంచితో మొదలుపెట్టండి. వారానికి పావు కిలో పెంచండి. ఐదు కిలోలు బల్ల మీంచి ఎత్తి, వీపు నిటారుగా పెట్టి, గుండెకి హత్తుకుని పది అడుగులు నడిచారంటే, పాప మీదే."

అమ్మమ్మ నలభై ఏళ్లు టైలరింగ్ చేసిన మనిషి. ఆవిడ సంచి కుడితే అది సంచిలా ఎందుకుంటుంది? పాత నీలం కర్టెన్ కత్తిరించి కాళ్లు పెట్టింది, చేతులు పెట్టింది, నెత్తిన టోపీ పెట్టింది. దారంతో కళ్లు కుట్టింది. ఒక కన్ను కాస్త పెద్దదైంది. "తాతయ్య పోలిక," అని సర్దిచెప్పింది. లోపల రెండు కిలోల ఇసుక పోసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే పావు కిలో పట్టే గరిటెతో ఒక్క గరిటె.

అంతా బాగానే ఉండేది, హాల్లో గోడ మీద పోస్టరుని పిడుగు అంత శ్రద్ధగా చూడకపోతే. అందులో రెండు ఎముకల బొమ్మలున్నాయి. మొదటిది గట్టిగా ఉంది. రెండోది గిన్నెలు తోమే స్పాంజిలా చిల్లులు పడి ఉంది.

"మా అమ్మమ్మది ఏది అక్కా?" అని అడిగింది పిడుగు.

"రెండోది," అంది ఫిజియో అక్క. అంతలో ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోయింది. మిగతా సంగతి ఆవిడ చెప్పలేదు, పిడుగు అడగలేదు.

ఆ రోజు నుంచి పిడుగుకి అమ్మమ్మని చూస్తే భయం. నీళ్ల జగ్గు పట్టుకుంటే "ఇటివ్వు అమ్మమ్మా" అని లాక్కునేది. కూరల సంచి లాక్కునేది. కుర్చీలోంచి లేవబోతే పరుగెత్తుకొచ్చి చంకలో చెయ్యి వేసేది.

"ఇక నాకు మిగిలింది ఊపిరి పీల్చుకోవడమే. అది కూడా నువ్వే చేసిపెడతావా?" అని విసుక్కునేది అమ్మమ్మ.

కానీ ఇసుక పాపని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. వారం వారం బరువు పెరుగుతోంది, అమ్మమ్మ రోజుకి పదిసార్లు ఎత్తుతోంది. ఎప్పుడు ఏ ఎముక టప్పుమంటుందో అని పిడుగు చెవులు రిక్కించేది. అందుకే, పొద్దున్న అమ్మమ్మ పోసిన గరిటెడు ఇసుకని మధ్యాహ్నం తను తీసేయడం మొదలుపెట్టింది. అదండీ సంగతి.

శనివారం రానే వచ్చింది. పరీక్ష రోజు. పిన్ని పాపని తీసుకుని మర్నాడే వస్తోంది.

హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లివారిలా ముస్తాబై వచ్చింది. ఇసుక పాపని బల్ల మీద పెట్టారు. అమ్మమ్మ దగ్గరగా నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు నిటారుగా పెట్టి ఎత్తింది. గుండెకి హత్తుకుంది. పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి ఇంకో పది వేసింది. ఆయాసం కూడా రాలేదు.

మామ్మలంతా చప్పట్లు కొట్టారు. ఫిజియో అక్క ముఖం వెలిగిపోయింది.

"ఏదీ, నీ మనవరాలిని ఇలా ఇవ్వు," అంటూ పోస్టాఫీసు మామ్మ చేతులు చాపింది. ఆవిడ ముప్పై ఏళ్లు పార్సిల్ కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఇసుక పాపని రెండు చేతుల్లో తీసుకుని, ఒకసారి పైకీ కిందికీ ఆడించి, కనుబొమలు ముడిచింది.

"ఇది ఐదు కిలోలు కాదే. మూడున్నర. మహా అయితే యాభై గ్రాములు అటూ ఇటూ."

"పన్నెండు గరిటెలు లెక్కపెట్టి పోశాను," అంది అమ్మమ్మ. "నీ చెయ్యి కూడా నీతోపాటే రిటైరైపోయింది."

అందరూ గొల్లున నవ్వారు. ఫిజియో అక్క కూడా నవ్వింది. పోస్టాఫీసు మామ్మ నవ్వలేదు. తన అరచేతిని తిప్పి చూసుకుంది. ఎన్నడూ తప్పని చెయ్యి ఇవాళ ఎందుకు తప్పిందా అన్నట్టు, బొటనవేలితో మెల్లిగా రుద్దుకుంది.

పిడుగుకి నోట్లో పచ్చి వెలక్కాయ పడినట్టైంది. మింగలేదు, కక్కలేదు. పోస్టాఫీసు మామ్మ చెయ్యి కరెక్టే. రేపు పిన్ని పాపని అందిస్తుంది. ఐదు కిలోలు ఎత్తేశానన్న ధీమాతో అమ్మమ్మ అందుకుంటుంది. అప్పుడు చేతులు తాళకపోతే?

"మామ్మ చెయ్యి తప్పు చెప్పలేదు," అంది పిడుగు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. పిడుగు లేచి వెళ్లి, ఇసుక పాప వీపు మీది గుండీలు విప్పింది. లోపల్నుంచి పిడికెడు రంపపు పొట్టు తీసి బల్ల మీద పెట్టింది. ఆరు ఆదివారాల సంగతీ తల వంచుకుని చెప్పేసింది.

అమ్మమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ పొట్టుని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"రోజూ పొద్దున్నే మీ అమ్మకి చెప్పుకుని మురిసిపోయాను," అంది. "ఇవాళ ఇంకా తేలిగ్గా ఉందే, బలం వచ్చేసిందే అని."

"నువ్వు విరిగిపోతావని భయమేసింది అమ్మమ్మా," అంది పిడుగు. కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"విరుగుతానో విరగనో నన్నే అడగొచ్చుగా. ఎముకలు గుల్లబారాయి కానీ, నోరు గుల్లబారలేదుగా నాకు."

ఆ మాటకి ముందు పోస్టాఫీసు మామ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. పిడుగుకి మాత్రం ఏడుపు ఆగలేదు.

ఫిజియో అక్క దాని పక్కన కూర్చుంది. "రెండో క్లాసులో నీ చేతికి కట్టు కట్టారన్నావు కదూ. విప్పాక ఎలా ఉంది?"

"సన్నగా, పుల్లలా ఉంది," అంది పిడుగు ముక్కు ఎగబీలుస్తూ.

"మళ్లీ లావెలా అయింది?"

పిడుగు ఆలోచించింది. "బంతి విసిరాను. బ్యాగు మోశాను. అన్నీ చేశాను."

"మరి అమ్మమ్మ చేతులకి నువ్వు ఆరు వారాలుగా కట్టు కట్టి ఉంచావు," అంది ఫిజియో అక్క. "ఆ రోజు పోస్టరు సంగతి సగమే చెప్పి వెళ్లాను. గుల్లబారిన ఎముకైనా కొద్దికొద్దిగా బరువు మోస్తేనే గట్టిపడుతుంది. తప్పు నాది కూడా. మామ్మగారూ, మొదట్లో రెండు కిలోలకే మీ చేతులు వణికేవి. ఇవాళ మూడున్నర చెమట పట్టకుండా ఎత్తారు. అది మాత్రం నిజం."

కిందికి దిగి కిరాణా కొట్టు కాటాలో వేశారు. మూడు కిలోల ఐదువందల నలభై గ్రాములు. పోస్టాఫీసు మామ్మకి ఏనుగు ఎక్కినంత సంబరమైంది. కొట్లో ఉన్న ఉల్లిపాయలు, సబ్బులు కూడా చేత్తో తూచి చూపించి గానీ ఇంటికి వెళ్లలేదు.

ఆదివారం పిన్ని వచ్చింది, కొన్ని నెలలు ఉండేలా. పాప నాలుగున్నర కిలోలుంది. బుగ్గలే కిలో ఉంటాయేమో. పిన్ని పాపని అందించబోతే అమ్మమ్మ చేతులు పైకి లేచాయి. సగంలో ఆగి కిందికి దిగాయి.

"కూర్చుని ఒళ్లో పెట్టుకుంటాను," అంది.

ఒళ్లో పడుకున్న పాప కాసేపు బాగానే ఉంది. తర్వాత రాగం అందుకుంది. నాలుగడుగులు వేసి జోకొడితే ఊరుకునేదే. కానీ అమ్మమ్మ లేవలేదు. పిన్ని వచ్చి పాపని తీసుకుని నడుస్తుంటే, ఖాళీ ఒడి వైపు చూసుకుంటూ కూర్చుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ పిడుగు అదంతా చూసింది.

ఆ సాయంత్రమే పిడుగు బాల్కనీలో పాత పేపర్లు పరిచింది. కుండీల్లో పోసిన ఇసుకనంతా తవ్వి తీసి, జల్లెడ పట్టి, వేర్లు ఏరి ఆరబెట్టింది.

"అదా సంగతి. నా కుండీల్లోని ఎడారి నీ పుణ్యమా," అంది అమ్మ.

అప్పటి నుంచి ఆ ఇంట్లో పోటీ మొదలైంది. ఒక పక్క అసలు పాప, ఒక పక్క ఇసుక పాప. రంపపు పొట్టంతా కక్కి చిక్కిపోయిన ఇసుక పాప, వారానికి గరిటె చొప్పున మళ్లీ ఒళ్లు చేసింది. అసలు పాప ఊరుకుంటుందా? పాలు తాగి అదీ పెరిగింది. ఆదివారం ఆదివారం పిడుగు ఇద్దరి బరువులూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేది.

అమ్మమ్మ నీళ్ల జగ్గు పట్టుకుంటే పిడుగు చెయ్యి అలవాటుగా ముందుకి పోయేది. వెంటనే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునేది. ఏదో ఒకటి చేయకపోతే తోచదు కాబట్టి, అమ్మమ్మ నడిచే దారిలో చెప్పులు, బొమ్మలు, మడతపడ్డ చాప తీసేసేది.

మూడో నెలలో గానీ ఇసుక పాప అసలు పాపని అందుకోలేదు. ఆరున్నర కిలోలు. శనివారం కిరాణా కొట్లో కాటా వేయించుకుని, ఆ తర్వాతే హాల్లో ఫిజియో అక్క ఎదుట అమ్మమ్మ ఎత్తింది. పోస్టాఫీసు మామ్మ కూడా చేత్తో తూచి సరేనంది.

ఆదివారం పొద్దున్న పాపకి స్నానం చేయించి బల్ల మీద పరుపు వేసి పడుకోబెట్టారు. పిన్ని పక్కనే నిలబడింది. అమ్మమ్మ దగ్గరికి వచ్చి మోకాళ్లు వంచింది, వీపు నిటారుగా పెట్టింది, పాపని గుండెకి హత్తుకుని లేచింది.

పిడుగు చేతులు వాటంతటవే ముందుకి వచ్చాయి. పిడుగు వాటిని వెనక్కి లాగి, వీపు వెనక గట్టిగా కట్టుకుంది.

"ఒకటి," అని లెక్క మొదలుపెట్టింది. "రెండు. మూడు."

పాప అమ్మమ్మ ముక్కు పట్టుకుంది. అమ్మమ్మ నవ్వుతూనే నడిచింది. పది అయ్యాయి. అమ్మమ్మ ఆగలేదు. బాల్కనీలోకి వెళ్లి పాపకి పూలు చూపించి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"పది అయిపోయాయి అమ్మమ్మా," అంది పిడుగు.

"పది పరీక్షకి," అంది అమ్మమ్మ. "ఇవి నాకు."

పిడుగు లోపలికి పరుగెత్తింది. ఇసుక డబ్బా, గరిటె పట్టుకొచ్చి, అందరి ముందూ నేల మీద చతికిలబడింది. ఇసుక పాపని బోర్లా తిప్పి గుండీలు విప్పింది.

"అదేమిటే, మళ్లీ ఏం తీస్తున్నావు?" అంది అమ్మ కంగారుగా.

"తీయట్లేదు, పోస్తున్నాను," అంది పిడుగు నిండా ఇసుక ముంచుతూ. "వచ్చే నెలకి పాప ఏడు కిలోలవుతుంది. అమ్మమ్మా, పాపని పిన్నికిచ్చి రా. వచ్చి ఈ పాపని పట్టుకో."