పక్కకి జరిగిన బిళ్ళ

బిళ్ళ గాల్లోకి లేచింది. అందరూ "అబ్బ!" అనేలోపే పక్కకి జారి, ఎగిరి, పెద్దసారు కాఫీ కప్పులో పడింది.

చొక్కా గుండీలో సగం కూడా ఉండని అల్యూమినియం బిళ్ళ అది. కింద రెండు బుల్లి కాయిల్స్, ఒకదాని చుట్టూ ఒకటి. వాటిలో కరెంటు పారితే బిళ్ళ దేన్నీ తాకకుండా గాల్లో నిలబడాలి. నిలబడి తీరుతుందని కంప్యూటర్లో మోడల్ కట్టి మరీ చెప్పింది లెక్కలమ్మాయి. కాయిల్స్ చుట్టి, తీగలు కలిపింది కాయిల్ బాబు. చూడ్డానికి ల్యాబుకి వచ్చిన కంపెనీవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవరి నిర్వాకం ఇది?" పెద్దసారు గర్జించాడు.

లెక్కలమ్మాయి నోరు తెరవబోయింది. కాయిల్ బాబు అందుకున్నాడు.

"నాదే సార్. బయటి కాయిల్ తీగలు తారుమారుగా కలిపాను."

"సోమవారం నుంచి రిపేర్ సెక్షన్‌కి పో. ఈ ప్రాజెక్టు ఛాయలకి రాకు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నిద్రాహారాలు మాని కట్టిన మోడల్! పొద్దున కూడా "తీగలు సరిగ్గా ఉన్నాయా అండీ?" అని అడిగితే, "మీ మాట వేదవాక్కు" అని నవ్వాడు. ఆ నవ్వుకి కరిగిపోయినందుకు తనని తనే తిట్టుకుంది.

ఇంటికి రాగానే చెప్పులు విసిరికొట్టి, జరిగిందంతా అక్కకి వెళ్ళగక్కింది. అక్క బట్టలు మడతపెడుతూనే వింది.

"తీసేశారుగా, పీడా విరగడైంది. మరి ఆ కళ్ళనీళ్ళెందుకే?"

"నేనేం ఏడవట్లేదు!"

"సర్లే. ఇంతకీ తీగలు తప్పు కలిపే రకమేనా అతను?"

"చచ్చినా కాదు. ఒక్కో తీగని పదిసార్లు చూసుకునే చాదస్తం మనిషి..."

అక్క ఇంకో చీర మడతకి తీసుకుంది. చెల్లెలు చప్పున లేచి లాప్‌టాప్ తెరిచింది.

తెరిచాక తెలిసింది. తన మోడల్లో బిళ్ళకి పైకీ కిందికీ కదలడమే వచ్చు. లెక్క తేలికవుతుందని పక్కకి జరిగే దారిని తనే మూసేసింది. ఇప్పుడా దారి తెరిచింది. తను చెప్పినట్టు రెండు కాయిల్స్‌లోనూ కరెంటు ఒకే వైపు పారితే బిళ్ళ పక్కకి దూకింది. బయటి కాయిల్‌లో ఎదురు పారితే, చుట్టూ కంచె కట్టినట్టు నడిమధ్యన కదలకుండా నిలబడింది. అంటే అతను నిజంగా తీగలు తారుమారు చేసి ఉంటే అందరి పరువూ దక్కేది!

కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది.

మర్నాడు అతను తన పనిముట్లు డబ్బాలో సర్దుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"తీగలు తారుమారు చేశావా?"

ఏనాడూ 'మీరు' తప్ప అనని మనిషి 'నువ్వు' అనేసరికి అతను తడబడ్డాడు. "చే... శానండి."

"చేసి ఉంటే బిళ్ళ నిలబడేది! అబద్ధం చెప్పడం కూడా చేతకాదు నీకు!"

చొక్కా చెయ్యి పట్టుకుని పెద్దసారు గదిలోకి లాక్కెళ్ళింది.

"తప్పు నా మోడల్‌ది సార్. ఈయన నేను చెప్పినట్టే కలిపాడు. పంపితే నన్ను పంపండి."

పెద్దసారు అతనివైపు చూశాడు. "నీ నెత్తినెందుకు వేసుకున్నావయ్యా?"

"అంతమందిలో ఈవిడ తల దించుకుంటే చూడలేక..."

"నా తల, నా ఇష్టం! దించుకుంటా, ఎత్తుకుంటా, మధ్యలో నువ్వెవరు?" ఆమె అతని చొక్కా వదిలేసింది. "ఏ పాపం ఎరగనివాణ్ణి పట్టుకుని నిన్నంతా తిట్టిపోశాను, తెలుసా? ఇష్టముంటే ఇష్టమని చెప్పు. అంతేగానీ..."

"ఇష్టం."

"ఏంటీ?"

"చెప్పమన్నావుగా."

పెద్దసారు గట్టిగా దగ్గాడు. "అమ్మాయ్, కంపెనీవాళ్ళకి సంజాయిషీ నువ్వే చెప్పుకో. మోడల్ సరిచేసి మళ్ళీ చూపించు. బాబూ, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. ముందు ఇద్దరూ నా గదిలోంచి బయటికి నడవండి."

బయటికి రాగానే ఆమె మళ్ళీ విరుచుకుపడింది. "సార్ ముందా చెప్పేది? సిగ్గుండక్కర్లా?"

"మరి నీ జవాబు?"

"ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. పక్కన కూర్చో. ఒక్క ముక్క మాట్లాడావో, చంపేస్తాను."

అతను కుర్చీ లాక్కుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె కంపెనీవాళ్ళ నంబరు నొక్కింది. అవతల "హలో" వినపడగానే అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, "నమస్కారమండీ, నిన్న జరిగింది నా తప్పు" అని మొదలుపెట్టింది.