చెల్లెలు గాట్లు పెట్టిన మొద్దు

ఈ సెపిక్ నది పుట్టిన కొండ నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా, దయ్యానికి వెన్ను చూపని మగాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు ఆంబ్రోస్. అంటే నేనే. మొసలి వీపు మీద కూర్చుని తాపీగా వక్కా సున్నం నమిలినవాణ్ణి. చచ్చినవాళ్ళు దారిలో ఎదురైతే "కాస్త పక్కకి జరగండి, నాకు పనుంది" అని దాటిపోయేవాణ్ణి. ఈ మాట మనసులో పెట్టుకుని చదవండి.

అయితే ఇది నా కథ కాదు. మా చెల్లెలు సబీనా పోయాక ఆమె ఇంట్లో జరిగిన కథ.

ఆ పొద్దు కూడా అన్ని పొద్దుల్లాగే తెల్లారింది. ఏటి మీద మంచు ఇంకా లేవలేదు. సబీనా కూతురు అపోలోనియా పొయ్యి ముందు కూర్చుని అరటికాయలు కాలుస్తోంది. మేమందరం దాన్ని నియా అనే పిలుస్తాం. మామూలుగా అయితే ఆ వేళకి పెనం మీద సగ్గు రొట్టె ఉండాలి. కానీ మైల తీరేదాకా ఆ ఇంట్లోవాళ్ళు సగ్గు పిండి ముట్టకూడదు. చచ్చిపోయినామె అన్నని కనక నేనూ ముట్టకూడదు. రోజూ అరటికాయలు తిని తిని నా పొట్ట నన్నే తిట్టడం మొదలుపెట్టింది.

నియా మొగుడు కూమా, దూరాన హేగన్ అనే కొండల ఊరి మనిషి. దోమతెరలోంచి తల ఒక్కటే బయటపెట్టి అన్నాడు. "మావయ్యా, మీ ఊరి దోమలకి నేనంటే ఎందుకంత ప్రేమ?"

"కొండ మీది నెత్తురు కదా నాయనా, చల్లగా ఉంటుందని ఎగబడుతున్నాయి," అన్నాను.

అప్పుడే మా బావ కసియన్ నిచ్చెన ఎక్కి వచ్చాడు. మోచేతుల దాకా బురద. పెళ్ళాం పోయినప్పటి నుంచి రోజూ తెల్లవారగానే సగ్గు తోపుకి పోతున్నాడు. వచ్చి ఎవరి మొహమూ చూడకుండా మూల కూర్చుంటున్నాడు.

"మొద్దు తయారైందా బావా?" అని అడిగాను.

"ఇంకా లేదు. చప్పుడు సన్నగానే వస్తోంది."

నాకు నమ్మకం కుదరలేదు. నియా పొయ్యిలో పుల్ల ఎగదోసి, "తయారైనా కాకపోయినా ఒకటే. నేను దాని జోలికి రాను," అంది. కసియన్ తాపీగా కాలిన అరటికాయ ఒలుచుకోసాగాడు. ఆ నిమ్మళమే నాకు ఎక్కడో గుచ్చుకుంది.

సంగతి ఇది. కూతురూ అల్లుడూ ఎండల్లో చూడ్డానికి వస్తున్నారని కబురందగానే సబీనా తోపులోకెల్లా పెద్ద సగ్గు చెట్టు చూపించి మొగుడి చేత నరికించింది. పడిన మొద్దు మీద గాట్లు మాత్రం తన చేత్తోనే పెట్టింది. ఆ గాట్ల వాసనకి ఎర్రముక్కు పురుగులు వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్లు పిల్లలై, మేము పిండి చేసుకునే లోపలి గుజ్జు తిని తిని, తెల్లగా, మెత్తగా, బొటనవేలంత లావవుతాయి. పుల్లకి గుచ్చి కాలిస్తే ఆ రుచి ముందు చేపా లేదు, కోడీ లేదు. మా పిల్లలకి పాలపళ్ళు వచ్చేది వాటి కోసమే అంటాం.

మొద్దుకి చెవి ఆనించి వింటే అవి ఎంత ఎదిగాయో తెలుస్తుంది. చిన్నవైతే తాటాకు కప్పు మీద చినుకు పడ్డట్టుంటుంది. ఎదిగితే ముసలమ్మ వక్క నమిలినట్టుంటుంది. ఆ అదను తప్పితే నమలడం ఆపి, పీచు చుట్టుకుని, ముక్కూ రెక్కలూ మొలిచి ఎగిరిపోతాయి. ఇక మొద్దులో పొట్టు తప్ప ఏమీ మిగలదు.

సబీనా పెట్టిన గాట్లు ఇంకా తడి ఆరకముందే జ్వరం వచ్చింది. మూడో పొద్దుకి మనిషి లేదు. నియా వచ్చేసరికి మన్ను కప్పేశాం.

గాట్లు పెట్టిన చెయ్యి పోతే, ఆ మొద్దుని ఆమె కడుపున పుట్టినవాళ్ళే చీల్చాలి. మొదటి పురుగు వాళ్ళే తినాలి. అప్పటిదాకా మైల తీరదు. చచ్చిన మనిషికి పని మిగిలిపోయినట్టు లెక్క. ఆ చెయ్యి మొద్దు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. సబీనా కన్నది నియా ఒక్కదాన్నే. ఆ నియా ఏమో తిననంటోంది.

ఊళ్ళో ఆడవాళ్ళకి ఇది అంతుపట్టలేదు. ఎందుకంటే నిరుడు సబీనా కాల్చిన పురుగులు ఆకులో చుట్టుకుని, దోనె మీద, ఓడ మీద, లారీ మీద పడి హేగన్ దాకా కూతురింటికి వెళ్ళొచ్చింది. వచ్చాక రేవులో దిగుతూనే గొప్పగా చెప్పింది. "మా వియ్యాలవారు ఒక్కటి మిగల్చలేదమ్మా. పుల్లలు కూడా నాకారు."

"ఏమే నియా, అక్కడ పుల్లలు నాకించావట, ఇక్కడికొచ్చేసరికి నోరు పడిపోయిందా?" అని రేవులో అడిగేవాళ్ళు. అడిగినప్పుడల్లా దాని మొహంలో రక్తం ఉండేది కాదు. బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేసేది. ఒకరోజు ఇంటి నడిమి స్తంభానికి చెవి ఆనించి నిలబడి ఉండగా నేను చూశాను.

"ఏం వింటున్నావే?"

"మావయ్యా, ఇందులో కూడా నములుతోంది," అంది.

నేనూ చెవి పెట్టాను. నాకేమీ వినబడలేదు. కానీ ఆ మాట దాని కళ్ళల్లోకి చూస్తూ చెప్పలేకపోయాను.

ఇక లాభం లేదని, బావ 'ఇంకా లేదు' అన్న ఆ రోజు మధ్యాహ్నమే నేను తోపుకి పోయాను. వానమబ్బు కమ్మి పగలే చీకటి పడ్డట్టుంది. మొద్దుకి చెవి పెట్టాను. ముసలమ్మ వక్క నములుతోంది, కరకర, కరకర. తయారై ఎన్నాళ్ళో అయింది. మరి ఇంకా లేదని ఎందుకన్నాడు వీడు అనుకుంటూ గాట్లు తడిమితే, చేతికి బురద తగిలింది. ఒక్క గాటు కాదు, అన్ని గాట్లూ బురదతో మెత్తేసి ఉన్నాయి. దాని మీద వేలిముద్రలు.

అంతలో నమలడం ఒక్కసారిగా ఆగిపోయింది. మొద్దంతా ఊపిరి బిగబట్టినట్టయింది. నా వెనక, బారెడు దూరంలో, ఎవరో దగ్గారు.

పెద్ద దగ్గు కాదు. ఖహ్, ఖహ్. రెండే. సబీనా ఎవరింటి నిచ్చెన ఎక్కేముందైనా అలా దగ్గేది, లోపలివాళ్ళు బట్టలు సర్దుకుంటారని.

దయ్యానికి వెన్ను చూపనివాణ్ణి అన్నాను కదా. ఆ మాటకి కట్టుబడే ఉన్నాను. వెన్ను చూపలేదు, అరికాళ్ళు చూపించాను. నా లుంగీ సగ్గు ముళ్ళకి చిక్కి అక్కడే ఆగిపోయింది. నేను ఆగలేదు. అరటాకు అడ్డం పెట్టుకుని ఇంటికొస్తే మా ఆవిడ పెర్పెట్యువా ఎగాదిగా చూసి, "ఏం, దయ్యం నీ లుంగీ అద్దెకడిగిందా?" అంది.

మర్నాడు పొద్దున అందరినీ తోపుకి నడిపించాను. మేనమామ రమ్మంటే మా దగ్గర రానంటానికి లేదు. నా లుంగీ ముళ్ళ మీద జెండాలా ఎగురుతోంది. ఎవరూ చూడకముందే లాక్కున్నాను.

"గొడ్డలి తీసుకోవే నియా," అన్నాను.

"నా వల్ల కాదు మావయ్యా. నాకు వికారం."

కసియన్ గబుక్కున అందుకున్నాడు. "పిల్లని వదిలెయ్ బావా. బలవంతం దేనికి? ఇంకో పది రోజులు చూద్దాం."

"పది రోజులు పోతే రెక్కలొస్తాయి. నీకు తెలియదా? తెలిసే కదా బావా, ఎగిరిపోవడానికి దారి లేకుండా గాట్లు మూశావు."

నియా వంగి చూసింది. ఎండిన బురద మీద తండ్రి వేళ్ళు ఒక్కొక్కటీ అచ్చుపడి ఉన్నాయి. "నాన్నా, ఇదేమిటి?"

కసియన్ మొద్దు పక్కన కూలబడ్డాడు.

"రెక్కలొస్తే వెళ్ళిపోతుంది," అన్నాడు.

ఏం వెళ్ళిపోతుందని ఎవరం అడగలేదు.

"పొద్దున్నే చెవి పెడతానా, నములుతూ ఉంటుంది. మీ అమ్మ నా పక్కన కూర్చుని వక్క నమిలినట్టే. చీలిస్తే ఆగిపోతుంది. ఎగిరితే ఆగిపోతుంది. నువ్వు తిననన్న ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది తల్లీ. ఇంకో పొద్దు ఉంటుంది కదా అని."

నియా తండ్రి ఎదురుగా బురదలోనే కూర్చుంది. "నేను తిననన్నది వికారం వల్ల కాదు నాన్నా."

అప్పుడు చెప్పింది. నిరుడు అమ్మ హేగన్ వచ్చిన రోజు ఇంట్లో కూమా అక్కలూ పిన్నులూ నిండుగా ఉన్నారట. సబీనా ఆకు మూట విప్పింది. వాళ్ళల్లో ఒకామె ముక్కు మీద చెయ్యి వేసుకుంది. ఇంకొకామె పెదవి విరవబోయింది. వాళ్ళు నవ్వకముందే నియా నవ్వేసింది.

"'ఇవి మనకి కాదు వదినా, మా అమ్మ కోళ్ళకని తెచ్చింది' అన్నాను. మూట తీసుకెళ్ళి దొడ్లో కోళ్ళకి వేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నా వైపు చూసి, 'అవునమ్మా, కోళ్ళకే తెచ్చాను' అంది. అంత దూరం ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది మావయ్యా. కోళ్ళే పుల్లలు నాకాయి. ఆ నోటితో ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తినను?"

మొద్దులో నమలడం ఒక్కటే వినబడుతోంది. కూమా దోమల్ని తోలుకోవడం కూడా మరిచిపోయాడు.

"నేనప్పుడు ఎక్కడున్నాను?" అన్నాడు చివరికి.

"పనికెళ్ళావు."

"సాయంత్రం వచ్చాను కదా. నాకెందుకు పెట్టలేదు?"

"నువ్వేమంటావో అని."

"పందికొవ్వు జుర్రుకుని పెరిగిన నోరే నాది. నేనేమంటానో నాకంటే ముందు నీకే తెలిసిపోయిందా?" మాట కోపంగానే ఉంది గానీ, చెయ్యి మాత్రం పెళ్ళాం భుజం మీద పడింది.

కసియన్ తల ఎత్తకుండా అన్నాడు. "కోళ్ళ సంగతి నాకు తెలుసు."

నియా ఉలిక్కిపడింది.

"మీ అమ్మ ఊరికి ఒకటి చెప్పింది, నాకు ఒకటి చెప్పింది. 'పిల్ల వాళ్ళ మధ్య బతకాలి కదా, ఏదో అంది' అంది. ఇంకోటి కూడా చెప్పింది. 'కోళ్ళకి వేస్తూ వేస్తూ ఒకటి గుప్పిట్లో దాచుకుంది. నేను చూశాను' అంది."

నియా రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది. "స్నానాల గదిలో తలుపేసుకుని తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. అమ్మ చూడలేదనుకున్నాను."

"చూసింది. అందుకే ఇక్కడ చెట్టు నరికించింది. 'నా కూతురికి ఇంకా ఆకలుంది, పెద్ద చెట్టు చూసి నరుకు. ఇక్కడైతే తలుపేసుకోనక్కర్లేదు' అంది." కసియన్ బురద చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ మాట నువ్వు వచ్చిన రోజే నీకు చెప్పాల్సింది. చెబితే నువ్వు గొడ్డలి పట్టుకునేదానివి. నా స్వార్థం నాది. నన్ను తిట్టుకో."

నియా తిట్టలేదు. లేచి తండ్రి చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ కలిసి గోళ్ళతో గీకి, ఒక్కొక్క గాటు మీది బురదా తీశారు. చివరి గాటు దగ్గర కసియన్ కాసేపు చెవి ఆనించి ఉండిపోయాడు. మేము తొందరపెట్టలేదు. తర్వాత తనే గొడ్డలి తీసి కూతురి చేతిలో పెట్టాడు.

మొదటి దెబ్బ నియాది. తర్వాత నేనూ కూమా అందుకున్నాం. మొద్దు రెండుగా విచ్చుకుంది. కొన్ని అప్పటికే పీచు చుట్టుకుంటున్నాయి. ఇంకొన్ని రోజులైతే అదను దాటిపోయేది. మిగతావి తెల్లగా, బలిసి, అరచేతిలో పెట్టుకుంటే మెల్లగా కదులుతున్నాయి. నియా ఒకటి తీసుకుని, తల పట్టుకుని, ఒంటిని కొరికింది. అలా మాట్లాడకుండా నములుతూ ఉంది. దవడ కదులుతోంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ నమలడం అచ్చం తల్లిదే. కసియన్ అది చూశాడు. మొద్దు వైపు చూడ్డం మానేసి కూతురి వైపే చూస్తూ నిలబడ్డాడు.

కూమా కళ్ళు గట్టిగా మూసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఒక కన్ను తెరిచాడు. రెండో కన్ను తెరిచాడు. "ఇది పందికొవ్వే. కాదు, అంతకంటే నయం. ఈ మాట మా అమ్మతో మాత్రం అనకండి."

"అనం. ఈసారి మూట కట్టిస్తాం, నువ్వే తీసుకెళ్ళి పెట్టు," అన్నాను.

"నేను పెడతాను," అంది నియా. "కోళ్ళని గూట్లో పెట్టి మరీ పెడతాను."

అంతలో చీలిన మొద్దులోంచి ఒకే ఒక్క ఎర్రముక్కు పురుగు రెక్కలు విప్పుకుని లేచింది. నియా జుట్టు మీద ఒక్క క్షణం వాలి, కసియన్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఏటికి అడ్డంగా ఎగిరిపోయింది. కసియన్ చెయ్యెత్తి, "సరే, వెళ్ళిరా," అన్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో సగ్గు రొట్టె కాలింది. నేనెన్ని తిన్నానో మా ఆవిడ ఇప్పటికీ చెబుతూనే ఉంది.

కథ అయిపోయింది గానీ, ఒక్క మాట. మొసలి వీపు మీద కూర్చోలేదు, అది నానిన దుంగ. ఆ సంగతి మీరు ముందే పట్టేసి ఉంటారు. ఎర్రముక్కు పురుగు ఎగరడం కూడా నా కల్పనే. ఆ మొద్దులో దేనికీ ఇంకా రెక్కలు రాలేదు. నిజానికి మేమంతా పురుగులు బుట్టకెత్తుకుని బయల్దేరాక, బావ వెనక్కి తిరిగి వెళ్ళి, ఆ ఖాళీ చెక్కకి చెవి ఆనించి కూర్చున్నాడు. ఏమీ వినబడలేదు. నియా వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అది ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు మనసొప్పక, ఒక పురుగుని ఎగరేశాను.

దగ్గు మాత్రం నేను కల్పించలేదు.