ఎల్లారెడ్డిలో నడవని ప్రోగ్రాం

"ఏంది సారూ, ఈ వారం గూడ నడవనిదే తెచ్చిండ్రా?"

ఎల్లారెడ్డి కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే గంగమణి, కామారెడ్డి బస్సు దిగి వచ్చిన పర్శరాములును కూర్చోమని కూడా అనలేదు.

"మా దగ్గర మంచిగనే నడిచింది మేడం."

"మీ దగ్గర నడిస్తే మీ దగ్గరనే ఉంచుకోవాల్సింది. పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నరు."

ఆ తిట్లు అతనికి తియ్యగా ఉన్నాయి. ప్రేమ మనిషిని అంత సిగ్గులేనివాణ్ణి చేస్తుంది.

అప్పుడు 1999. రెండు ఊళ్ళలోనూ సెంటర్లు వహీద్ సాబ్‌వే. తాళం వేసి సాఫ్ట్‌వేర్ అమ్ముకునే దొరలకు దండం పెట్టి ఆయన లినక్స్ అనే ఉచిత సిస్టంకు మారాడు. అందులో సోర్స్, అంటే ప్రోగ్రాం లోపలి రాత, ఎవరైనా విప్పి చూడొచ్చు. టైపింగ్ నేర్పే ప్రోగ్రాంను పర్శరాములు కామారెడ్డిలో మిషన్‌కు అర్థమయ్యేలా కంపైల్ చేసి, ప్యాకేజీ కట్టి, ప్రతి మంగళవారం బస్సులో తెస్తాడు.

మిషన్‌లో చప్పుడు చేయించే సౌండ్ లైబ్రరీ ఉంటే ఆ ప్రోగ్రాం టిక్కుటిక్కుమంటుంది, లేకుంటే మూగగా పని చేసుకుంటుంది. కానీ ప్యాకేజీ కట్టేటప్పుడు అది సౌండ్ ఉందేమోనని మిషన్ అంతా వెతుకుతుంది. కామారెడ్డిలో సౌండ్ కనబడగానే ఎవరినీ అడక్కుండా కలుపుకుంటుంది. ఇక ఆ సౌండ్ లేని మిషన్ మీద ప్రోగ్రాం లేవదు. ఎల్లారెడ్డి మిషన్లలో సౌండ్ లేదు.

"సౌండ్ వద్దు" అని ప్యాకేజీ కట్టే స్క్రిప్ట్‌లో ఒక్క లైను రాస్తే చాలు. పర్శరాములుకు అది మొదటి వారమే తెలుసు. రాస్తే బస్సెక్కే పని ఉండదనీ తెలుసు.

ఒకరోజు వహీద్ సాబ్ చాయ్ తాగుతూ అన్నాడు: "వచ్చే మంగళవారం గూడ నడవకపోతే ఎల్లారెడ్డి సెంటర్ బంద్. ఆ పిల్లను వేరే నౌకరీ చూసుకోమంట."

తన ప్రేమ పోయిపోయి ఆమె నౌకరీ మీదే పడింది. పర్శరాములు అప్పుడే కూర్చుని ఆ లైను రాశాడు.

మంగళవారం ప్రోగ్రాం నడిచింది. పిల్లలు వెళ్ళాక గంగమణి అడిగింది.

"ఏం చేసిండ్రు?"

"ఒక్క లైను రాసిన."

"ఎప్పుడు ఎరుకైంది?"

నిన్ననే అనబోయాడు. నోరు వినలేదు. "మొదటి వారమే. రాస్తే మళ్ళ రానీకి సాకు ఉండది గద. నీ నౌకరీ దాక వస్తదనుకోలె. తప్పైంది."

ఆమె మూలనున్న మిషన్ ఆన్ చేసింది. అదే ప్రోగ్రాం, చప్పుడు లేకుండా నడుస్తోంది.

"ప్యాకేజీతోటి వచ్చిన మీ స్క్రిప్ట్ రెండో వారమే విప్పి చూసిన. సౌండ్ తీసేసి నేనే కట్టుకున్న. పిల్లలు దీని మీదనే నేర్చుకుంటున్నరు."

"మరి నన్ను గంతగనం ఎందుకు తిట్టినవ్?"

"తిట్టకపోతే మళ్ళ తెస్తరా?"

పర్శరాములు ఆ మిషన్ దగ్గరికి వచ్చి తెర చూశాడు. భయంతో నిద్రలేని వారమంతా ఉత్తదే అయింది.

"ఇగ ప్రోగ్రాం నడుస్తున్నది," అంది ఆమె. "వచ్చే మంగళవారం ఏం పనుందని వస్తరు?"

"నిన్ను చూడనీకి."

"గట్లయితే ఆదివారం ఇంటికి రండ్రి. మా బాపు ఉంటడు."

"ఆయనకేం చెప్పాలె?"

"నాకు చెప్పిందే. ఆయనకు లోపల విప్పి చూసుడు రాదు. మీరే నోరు తెరవాలె."