ఒక పక్కే పదునున్న కత్తి

గాజులు తెస్తాడనుకుంటే గంగులు కత్తి తెచ్చాడు.

కోటబొమ్మాళి సంతలో చేపల గంప వెనక కూర్చున్న బుల్లమ్మ ఆ మెరుపుకి కళ్ళు చికిలించింది.

"ఏటిది బావా? ఫారినెల్లొచ్చినోడు సెంటుబుడ్డి తెస్తాడు, సిల్కుగుడ్డ తెస్తాడు. నువ్వు కత్తి తెచ్చినావా? నా మీదంత కచ్చెందుకు?"

"జపాను కత్తే పిల్లా! సేపలు కోడానికే సేసినారు. షాపులో అరపూట నిలబడి, ఒక్కొక్కటీ సేత్తో పట్టుకు సూసి మరీ ఏరినాను. పిడి కాడ మందం సూడు, సేప తలకాయకి. మొన సన్నం సూడు, ముల్లు తియ్యడానికి."

గంగులు వరసకు బావ. విశాఖపట్నం నుంచి జపానుకి ఇనపరాయి మోసుకుపోయే ఓడలో, వంటవాళ్ళ దగ్గర పని. మన కొండల్లో రాయి అక్కడికి వెళ్ళి కత్తయి తిరిగొచ్చిందని వాడు గొప్పగా చెబుతుంటే, ఆ రాయి వాడే తవ్వి తీశాడేమో అనిపించేది.

ఇనుము చేతికి చేతికి ఇచ్చుకుంటే తగువులొస్తాయంటారు కదా, అందుకని కత్తిని గోనె మీద పెట్టాడు. బుల్లమ్మ అక్కణ్ణించి తీసుకుంది. తీసుకుంటూ వాడి కళ్ళలోకి ఓసారి చూసింది. వాడికి చెప్పాల్సిన మాటల్లో సగం మరుపున పడిపోయాయి.

"కడిగిన ఎంటనే పొడిగుడ్డెట్టి తుడవాల. తడితో వదిలీసినావంటే తెల్లారేసరికి తుప్పే. సింతపండు, బూడిద ఏటీ రుద్దకు. పనైపోయాక కొబ్బరినూని సుక్క రాసి పడుకోబెట్టు."

"కత్తినా, నిన్నా?"

"ఎక్కిరించకు. పదును పోతే నానొచ్చి తడిరాయి మీద నూర్తాను. అందాకా ఎవుడి సేతికీ ఇవ్వకు. సానోడికి అసలివ్వకు."

పాసింజరు కూత వినబడింది. వాడు స్టేషను వైపు పరుగెత్తాడు. అసలు చెప్పాల్సిన ముఖ్యమైన మాట చెప్పకుండానే పోయాడు. గంగులు సంగతే అంత!

తర్వాతి సంతలో బుల్లమ్మ కొత్త కత్తి పట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెకు తెలిసింది కత్తిపీట. పీట మీద కాలేసి తొక్కిపట్టి, చేపను రెండు చేతులా కత్తి మీదకు తోయాలి. ఇక్కడ అంతా తిరగబడింది. చేప కదలకూడదట, కత్తే నడవాలట. సరే అని వంజరం మీద కత్తి పెట్టి లాగింది. చేప నడిమికి దిగీ దిగకుండానే కత్తి పక్కకు పోయింది. ముక్క ఒకవైపు లావు, ఒకవైపు పల్చన. మళ్ళీ కోసింది. మళ్ళీ అదే వరస.

కత్తిని తిప్పి చూసింది. ఒక పక్క ఏటవాలుగా పదునుంది. రెండో పక్క పలకలాగా చదునుగా ఉంది!

పక్క గంప లక్ష్మణమ్మ తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఓలమ్మో! సగమే సానెట్టి అంటగట్టినారే! మీ గంగులు సముద్రాలు దాటెల్లి మోసపోయొచ్చినాడు. ఇలారండే, సూడండి ఎర్రిబాగులోడి కత్తి!"

సంతంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడికి 'సగం కత్తోడు' అని పేరు పడిపోయింది. తనను ఎవరేమన్నా అక్కడికక్కడే రెండంటించే మనిషి బుల్లమ్మ. గంగుల్ని అంటుంటే మాత్రం తల వంచుకుని కత్తిని గోనె కింద దాచేసింది. అరపూట నిలబడి ఏరాడు పాపం. మోసపోయానని తెలిస్తే ఎంత చిన్నబోతాడో! వాడికి తెలియకుండానే సరిచేసేస్తే సరి, ఎవరికీ నవ్వడానికి ఉండదు.

అలా అనుకుని, ఇవ్వొద్దన్న సానోడి చేతిలోనే పెట్టింది. చక్రం గిర్రున తిరిగింది. నిప్పురవ్వలు లేచాయి. రెండు పక్కలా పదును తేలేసరికి బుల్లమ్మ తెగ సంబరపడి, కత్తిని లక్ష్మణమ్మ ముక్కు ముందు ఆడించింది కూడా.

సంబరం ఎంతో కాలం నిలవలేదు. చక్రం వేడికి మొన దగ్గర ఇనుము నీలంగా కమిలింది. అంచు పళ్ళుపళ్ళుగా విరిగింది. చేప తెగడం మానేసి చిరగడం మొదలెట్టింది. వంకరగానైనా వెన్నలా దిగిన కత్తి కదా, ఇప్పుడిలా అయిందంటే తప్పు జపానువాళ్ళది కాదు, తనదే.

సరిగ్గా అప్పుడే తల్లి కూర్మమ్మ ఆ కబురు మోసుకొచ్చింది.

"ఒసే! గంగులు లీవెట్టి వచ్చినాడంట. ఆదివారం గున్నమ్మొదినని తీసుకొస్తాడంట. ఖాయం సేసుకోడానికే! ముందు నీ సేత సేప కోయించి సూస్తాదంట."

గంగులు తల్లి గున్నమ్మ పేరు చెబితే భావనపాడు తీరమంతా హడల్. చేప కోసే తీరు చూడకుండా ఏ పిల్లకూ మాటివ్వదు. అలా ఎన్ని సంబంధాలకు దండం పెట్టి లేచొచ్చిందో.

"ఏ సేత్తో కొయ్యాలమ్మా?" అంది బుల్లమ్మ నీరసంగా.

కూర్మమ్మ తల పట్టుకుంది. పిల్లది ఎడమచేతి వాటం. కత్తిపీట దగ్గర రెండు చేతులూ ఆడతాయి గనక ఇన్నాళ్ళూ బయట ఎవరి కంటా పడలేదు. సంతలో నవ్వినవాళ్ళూ కత్తినే చూశారు గానీ చేతిని చూడలేదు.

"కత్తి జోలికెల్లకు, పీట మీదే కోసీ. ఎడం సెయ్యని తెలిసిందా, వొదిన గుమ్మంలోంచే ఎనక్కి తిరిగెల్లిపోతాది."

చెయ్యి ఒక భయం, కత్తి ఒక భయం. ఇంత కత్తిని చూసుకోలేనిది సంసారమేం చూసుకుంటుందని గంగులే అనేస్తే? ఆ తలపు రాగానే బుల్లమ్మ అన్నం కంచం పక్కకు తోసి లేచింది. కొబ్బరినూనె రాసింది, గుడ్డతో తోమింది, దేవుడికి మొక్కింది. విరిగిన అంచు విరిగినట్టే ఉంది.

ఆదివారం సన్నటి జల్లులో వాళ్ళొచ్చారు. గున్నమ్మ చాప మీద కూర్చుని, ఇల్లంతా ఓ చూపు చూసి, "సేపేదే?" అంది. మంచినీళ్ళయినా అడగలేదు.

కూర్మమ్మ కత్తిపీట తెచ్చి పెట్టింది. "పీటెందుకత్తా!" అన్నాడు గంగులు హుషారుగా. "నాను తెచ్చిన కత్తున్నాది కదా. మా అమ్మ సూస్తాది. బుల్లీ, తే!"

వీడి నోరు పడిపోనూ అనుకుంది బుల్లమ్మ. లోపలికెళ్ళి కత్తి తెచ్చింది, అంచు కనబడకుండా కొంగులో మూసి. కుడిచేత్తో పట్టుకుని చేప మీద పెట్టింది. చెయ్యి తిరగలేదు. కత్తి జారింది. తోలు చిరిగి పేగులు బయటికొచ్చాయి. గున్నమ్మ కనుబొమలు పైకి లేచాయి.

అక్కడితో బుల్లమ్మ ఓపిక అయిపోయింది. కత్తి ఎడమచేతికి మార్చుకుని ఒక్క లాగు లాగింది. మొద్దు కత్తయినా ముక్క తిన్నగా వచ్చింది.

కూర్మమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆగు," అంది గున్నమ్మ. "ఆ సెయ్యేటి?"

"ఎడం సెయ్యే అత్తా. నాకు పుట్టినకాణ్ణించీ అదే వాటం. ఇంకోటి కూడా ఇప్పుడే సెప్పేస్తాను. బావ కత్తి నానే పాడుసేసినాను. సానోడికివ్వొద్దంటే ఇచ్చినాను."

గంగులు గబగబా వచ్చి కత్తి అందుకుని వెలుతురులోకి పట్టి చూశాడు. మొహం పాలిపోయింది. రెండో పక్క వేలితో తడిమాడు. ఆ తర్వాత బుల్లమ్మ ఎడమచేతి వైపు చూశాడు. చూస్తూ అలాగే చతికిలబడ్డాడు.

"పాడుసేసింది నువ్వు కాదే, నాను. అక్కడ సేప కత్తికి ఒక పక్కే పదునెడతారు. రెండో పక్క సదునుంటేనే ముక్క నున్నగా వస్తాది. కుడిసేతోల్లకి ఒక రకం, ఎడంసేతోల్లకి ఇంకో రకం. ఒకరిది ఇంకొకరు పడితే కత్తి పక్కకెల్లిపోతాది. షాపు ముసలాయన రెండు సేతులూ సాపి, ఏ సేతికని సైగ సేసి మరీ అడిగినాడు. కుడే అని గట్టిగా సెప్పొచ్చినాను."

"ఏరా!" గున్నమ్మ గొంతు లేచింది. "ఈ గుంటపిల్ల సుట్టూ ఇన్నాల్లు తిరిగినావు కదా, ఏ సేతి వాటమో సూడలేదేట్రా?"

గంగులు బుర్ర గోక్కున్నాడు. "మొగం కాడే ఆగిపోయానమ్మా. కిందకి సూపు దిగితే కదా."

అంత భయంలోనూ బుల్లమ్మకు నవ్వొచ్చింది. గున్నమ్మకు మాత్రం రాలేదు.

"అదలాగుండనీ. ఇవ్వొద్దన్నది ఎందుకిచ్చినావే?"

బుల్లమ్మ తలెత్తింది. ఇక దాచడానికి ఏం మిగల్లేదు.

"సంతలో అందరూ బావ మోసపోయాడని నవ్వినారు. ఎర్రిబాగులోడన్నారు. నన్నేటన్నా లెక్కసెయ్యనత్తా, బావనంటే పడలేను. నాకు బావంటే పేనం. ఆ నవ్వు ఆగితే సాలనుకున్నాను, కత్తి సంగతి తట్టలేదు."

తాటికమ్మల కప్పు మీద జల్లు పడుతోంది. గంగులు చెవులు ఎర్రబడ్డాయి. గున్నమ్మ కొడుకుని చూసింది, బుల్లమ్మని చూసింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఈడు ఎర్రిబాగులోడేనే," అంది చివరికి. "నాకు తెల్దేటి? సిన్నప్పట్నించీ ఈడి ఎర్రిపనులన్నీ నలుగురి కంటా పడకుండా నానొక్కదాన్నే సర్దుకొస్తన్నాను. ఇంక నా వల్ల కాదు." కూర్మమ్మ వైపు తిరిగింది. "వొదినా, బేగి ముగూర్తం ఎట్టించు. ఈ పిల్లకి ఒప్పజెప్పీసి నాను కూకుంటాను."

కూర్మమ్మ ఒక్కసారిగా బావురుమంది. గున్నమ్మ ఆమెను కసిరింది.

"అమ్మా, నానిక్కడే ఉన్నాను," అన్నాడు గంగులు.

"ఉండు బావా," అంది బుల్లమ్మ, కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ. "కూర దించీదాకా ఎక్కడికీ ఎల్లకు."