డబ్బా వదిలేసి తెచ్చిన సీజియం

"వ్యాన్ని ఆపొద్దు. ఖురియాత్ రేవులో పడవ దాకా పోనివ్వు. ముఠా మొత్తం కావాలి నాకు," అన్నాడు ఫోన్లో చీఫ్ విశ్వేశ్వరరావు.

ఏజెంట్ ఇస్రాయేలు యాక్సిలరేటర్ తొక్కాడు. మస్కట్‌లో ఒక యూనివర్సిటీలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా అతనిది మారువేషం. రెండేళ్లు కంటికి రెప్పలా కాచిన రేడియోధార్మిక సీజియం ఈ పొద్దున స్టోర్లోంచి మాయమైంది! ముందు పోతున్న ఖర్జూరాల వ్యాన్లో ఉందని చెప్పింది పక్కసీట్లోని డాక్టర్ అజీజా. హైదరాబాద్ అందగత్తె, ఫిజిక్స్ పండితురాలు, విదేశీ ముఠాలో మన మనిషి.

"సీసం డబ్బాలో భద్రంగా ఉంది. డ్రైవర్‌కి ఏం తెలీదు," అందామె నల్లకళ్లద్దాలు సర్దుకుంటూ.

వ్యాన్ దగ్గరపడింది. కారు రేడియోలా కనిపించే రేడియేషన్ మీటర్ ఒక్కసారిగా గోలపెట్టింది. సీసం డబ్బాలో ఉంటే ఇది ఇంతలా అరవదు. సీజియం బయటే ఉంది, డ్రైవర్ వీపు వెనకే!

"మీరు ఇవాళ స్టోర్లోకి వెళ్లారా?"

"అరె, నేనెందుకు వెళ్తాను?"

ఆమె కోటుకున్న, ఒంటికి తగిలిన రేడియేషన్ని చూపే డోస్ బ్యాడ్జ్ చూశాడు. ఏడాదంతా పనిచేసినా రాని అంకె! బ్యాడ్జ్ లేనిదే స్టోర్ గడప తొక్కొద్దని అందరికీ నూరిపోసింది సేఫ్టీ ఆఫీసర్‌గా తనే. దొంగతనానికి పోతూ కూడా పెట్టుకుంది, మహాతల్లి!

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపే మణికట్టుకి బేడీ పడింది.

"డబ్బా బరువు. పడవవాళ్లు వద్దన్నారు," అంది చల్లగా. "వాణ్ణి ఆపితే ముఠా జారిపోతుంది. ఒక్క డ్రైవర్ కోసమా?"

"వాడి కోసమే."

వ్యాన్‌కి అడ్డంగా కారు ఆపాడు. డ్రైవర్ జిలాని, కడప మనిషి, బిత్తరపోతూ దిగాడు. "ఏమన్నా? నేనేం తప్పు జేసినా?"

"దూరంగా పరిగెత్తు!"

పొడుగాటి పటకారుతో సీజియం తీసి, తన డిక్కీలోని సీసం డబ్బాలో వేసి బిగించాడు. పోలీసులొచ్చి ఆమెను జైలుకీ, జిలానిని ఆసుపత్రికీ తీసుకెళ్లారు. జిలాని టోపీ పెట్టుకుని ఇస్రాయేలే వ్యాన్ తోలాడు. ఖురియాత్ చేరేసరికి పడవ ఇంజన్ స్టార్టయింది. "ఆగండాగండి, ఖర్జూరాలు!" అని పెట్టె అందించాడు. చెయ్యి చాచిన నలుగురూ మాటువేసిన పోలీసులకి దొరికిపోయారు.

సాయంత్రానికి ఆసుపత్రిలో జిలాని రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "ఎండదెబ్బే లే సార్. రేపు డ్యూటీకి పోవచ్చు గదా?"

అది రేడియేషన్ దెబ్బ లక్షణమని తెలిసిన ఇస్రాయేలుకి కళ్లనీళ్లు ఆగలేదు. ఫోన్ మోగితే బయటికొచ్చాడు.

"శెభాష్! మిషన్ సక్సెస్ అని రాసేయనా?" అన్నాడు చీఫ్.

"ఎల్లుండి దాకా ఆగండి సార్. జిలాని రక్తపరీక్ష రిపోర్టు రావాలి."