ఒంటి చెవితో విన్న పాటలు

"రెండు గుమ్మాలు" అసలు ఆల్బమే కాదని అద్దాల మేస్త్రి తేల్చిపారేసిన రోజున, కళ్లజోళ్ల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి అతనితో మాట్లాడటం మానేసింది. గట్టిగా గంటసేపు మానేసిందేమో. ఆ తర్వాత ముందుగది నుంచి వచ్చిన ట్రేలో, ఎవరిదో పవర్ రాసిన చీటీ అడుగున, పెన్సిలు అక్షరాలు కనిపించాయి.

"మీతో మాటలు దండగ మేస్త్రిగారూ. అయినా అడుగుతున్నాను, మూడో పాట విన్నారా?"

షాపు ఆమె మేనమామది. అక్కడ కళ్లు పరీక్షించే ఆవిడ ప్రసవానికి సెలవు పెడితే, మూడు నెలల కోసం మేనకోడల్ని రప్పించుకున్నాడు. ఆమె ముందుగదిలో కస్టమర్ల చేత అక్షరాలు చదివిస్తుంది. అతను వెనకగదిలో మిషన్ మీద అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఆమె డాక్టరేమీ కాదు, అయినా అతను ఉడికించడానికి డాక్టరమ్మా అనేవాడు.

ఇద్దరికీ ఒకే గాయని అంటే పిచ్చి. ఆ గాయని ఇంతవరకూ చేసినవి రెండే ఆల్బమ్‌లు. అతనిది "నీలిమేడ" పార్టీ. ఆమెది దాని తర్వాత వచ్చిన "రెండు గుమ్మాలు" పార్టీ.

"నీలిమేడ"లో ప్రతి పాటా నిండుగా ఉంటుందని అతను చీటీ వెనక రాసేవాడు. రెండోదాంట్లో ఆవిడ ఒక లైను పాడి టీ తాగడానికి వెళ్లిపోతుందని, డ్రమ్ము ఒక్కటే పాపం కాపలా కాస్తుందని వెక్కిరించేవాడు. మనసు లేనివాళ్లకి అది ఎక్కదని ఆమె జవాబు రాసేది. ఒకసారి చీటీ పొరపాటున కళ్లజోడు డబ్బాలోకి వెళ్లింది. రిటైరైన టీచరుగారొకావిడ కొత్త జోడుతో మొదట చదివింది దాన్నే. అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి గానీ ఇద్దరి వాదనలోనూ పస లేదని చెప్పి వెళ్లింది. మేనమామ తల పట్టుకున్నాడు.

రెండు గదుల మధ్య గరుకు గాజు తలుపు. దాని వెనక ఆమె నీడ అటూ ఇటూ కదిలేది. బయట సన్నగా వాన, అద్దం వేడెక్కకుండా మిషన్ మీద సన్నగా నీళ్లు, చెవిలో పాట. అలాంటప్పుడు అతనికి తను షాపులో ఉన్నాడో మబ్బుల్లో ఉన్నాడో తెలిసేది కాదు. అతనికి ఆమె అంటే ఇష్టం. ఆ ఒక్క మాటా ఏ చీటీ మీదా రాయలేకపోయాడు.

సోమవారం పాత ఆవిడ పనిలోకి వచ్చేస్తుందని, శనివారం సాయంత్రం బస్సుకి మేనకోడలు వాళ్ల ఊరు వెళ్లిపోతుందని మేనమామ చెప్పాడు. ఆ తర్వాత ట్రేలో ఉత్త పవర్ చీటీలే వస్తాయి.

గురువారం మధ్యాహ్నం జోరువాన. కరెంటు పోయింది, మిషన్ ఆగింది, మేనమామ భోజనానికి ఇంటికెళ్లాడు. ఆమె వెనకగదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అతని ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, రెండోది చొక్కా గుండీ దగ్గర వేలాడుతోంది.

"అదెందుకు తీసేశారు?"

పని మొదలుపెట్టిన ఏడేళ్ల నుంచీ అంతేనని చెప్పాడు. అద్దం సైజుకొచ్చేసరికి మిషన్ చప్పుడు సన్నబడుతుంది, అది వినకపోతే అద్దం పోతుంది. అందుకని కుడి చెవి మిషన్‌ది, ఎడమ చెవి పాటది. అలవాటైపోయి ఇంట్లోనూ అలాగే వింటాడు.

ఆమె వేలాడుతున్న ఇయర్‌ఫోన్ చేతిలోకి తీసుకుంది. "'రెండు గుమ్మాలు'లో ప్రశ్న ఎడమ చెవిలో వస్తుంది. జవాబు కుడి చెవిలో వస్తుంది. మీరు ఒక్క జవాబూ వినలేదా?"

చేయి పట్టుకుని తీసుకెళ్లి అతన్ని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టింది. కదలొద్దని చెప్పి రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు తనే పెట్టి, ఆ మూడో పాట వేసింది.

ఎడమవైపు గొంతు అడిగింది, ఆగింది. అతనికి కంఠతా వచ్చిన ఆ ఖాళీలో, కుడివైపు నుంచి అదే గొంతు, ఇంకాస్త మెత్తగా, పక్కనే నిలబడినంత దగ్గరగా బదులు పలికింది. అతని ఒళ్లు ఝల్లుమంది. కళ్లు మూసుకున్నాడు. మూడు పాటలయ్యేదాకా తెరవలేదు.

"ఓడిపోయాను డాక్టరమ్మా. రెండోదే గొప్పది."

ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"అంత తేలిగ్గా ఒప్పుకుంటారా?"

"ఉన్న మాట చెప్పాను."

ఆమె స్టూలు మీద కూలబడి గోళ్లు చూసుకుంది. "నాకూ నీలిమేడే ఇష్టం. స్కూలు రోజుల నుంచీ. మొదటి రోజు మీరూ అదే అన్నారు. నేనూ అవునంటే మన మాటలు అక్కడితో అయిపోయేవి."

అతను వాన వింటూ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"శనివారం మీరు వెళ్లిపోతే నాకు పిచ్చెక్కుతుంది. పాటల కోసం కాదు. మీరంటే నాకిష్టం."

ఆమె తలెత్తింది. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

"ఆదివారం మీకు సెలవే కదా. మా ఊరు గంటన్నర దూరం. వస్తున్నారని అమ్మతో చెబుతాను."

"ఎవరు వస్తున్నారని చెబుతారు?"

"నాతో జీవితాంతం పోట్లాడటానికి ఒకాయన వస్తున్నాడని."