పమిట చెంగు మసిగుడ్డ కాదు

నరసాపురం స్టేషన్ నుంచి పొద్దుటి రైలు కూత వినిపించేసరికి హెలెన్ ఒక పొయ్యి మీద దోసె తిప్పుతోంది. రెండో పొయ్యి మీద అన్నం ఉడికింది. అత్తగారు సంపూర్ణమ్మ నిమ్మళంగా వచ్చి, పమిట చెంగు ముందుకు లాక్కుని, దాంతోనే గిన్నె అంచులు పట్టుకుని దించేసింది. చెంగు కొస మంట పక్కనే ఊగింది. హెలెన్‌కి ఒళ్లు మండిపోయింది.

“అత్తయ్యా! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? అది పాలిస్టర్ చీర. అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది!”

“అంటుకుంటే కదా! మీ మావయ్యగారి కాలం నుంచీ ఇలాగే దించుతున్నాను. ఏం కాలేదు.”

“ఏం కాలేదా? మరి ఇదేంటి?” హెలెన్ చెంగు పట్టుకుని చూపించింది. కొసంతా కరిగి గట్టిపడి, వేయించిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది.

“అదా? ఇస్త్రీ పెట్టె పని.”

ఆ చీరకి పుట్టి బుద్ధెరిగి ఇస్త్రీ పెట్టె తగల్లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. హెలెన్ కొన్న పట్టకారేమో, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం నిలిచే ఉద్యోగంలో చేరింది.

“పోనీ, గిన్నెలు దించడానికని గుడ్డలు తెచ్చాను కదా, అవి వాడొచ్చుగా?”

“ఏవీ ఆ పూల గుడ్డలు? మాసిపోతాయని బీరువాలో దాచావు. అన్నం పొంగిపోతుంటే తాళంచెవి వెతుక్కోమంటావా? నా చెంగయితే నా భుజం మీదే ఉంటుంది.”

ఆ మాట నిజమే. అందుకే హెలెన్ ఇంకా ఉడుక్కుంది. “ఏవండీ, మీరైనా చెప్పండి!” అంది భర్తతో. అనిల్ కుమార్ “నాకు డ్యూటీ టైమయింది” అంటూ క్యారేజీ కూడా తీసుకోకుండా జారుకున్నాడు.

“అయితే రేపట్నుంచి మీరు వంటింట్లోకి రావద్దు” అనేసింది హెలెన్. నోరు జారిందని తెలుస్తూనే ఉంది, కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

సంపూర్ణమ్మ మొహం చిన్నబోయింది. “నేను కాలితే నా ఒళ్లే కాలుద్ది. నీకెందుకమ్మా బాధ?” అని హాల్లోకి పోయి, లేసు అల్లే సూది పట్టుకుని కూర్చుంది. హెలెన్ పెనం కూడా దించకుండా విసవిసా గదిలోకి పోయి కూతురి సాక్సులు వెతకసాగింది.

“ఓరి దేవుడో! ఆశా!” అన్న అత్తగారి కేక విని పరుగెత్తుకొచ్చింది.

ఒకటో తరగతి చదివే ఆశ యూనిఫాం మీద తువ్వాలు పమిటలా వేసుకుని, పీటెక్కి నిలబడి ఉంది. మామ్మ దించిపెట్టిన అన్నం గిన్నెని రెండు చేతులా తువ్వాలు కొసతో పట్టుకుని గంజి వార్చబోయిందట. పక్కనే పెనం కింద మంట. మోకాళ్ల నొప్పుల సంపూర్ణమ్మ ఎలా ఉరికిందో ఉరికి, పిల్లని కిందికి లాగేసింది. వేలాడే తువ్వాలు అంచు పొగలు కక్కుతుంటే కుళాయి కింద పడేసింది.

“నేనూ మామ్మలాగా గంజి వారుద్దామనీ...” ఆశ బావురుమంది.

సంపూర్ణమ్మ ఆ చిన్ని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఏమీ కాలేదు. అయినా ఆవిడ నేలమీద చతికిలబడి ఏడ్చేసింది. “నా ఒళ్లేగా అనుకున్నానే హెలెన్. ఇది నన్నే చూస్తోందని ఆలోచించలేదు.”

“మంట ఆర్పకుండా పోయింది నేను, అత్తయ్యా.” హెలెన్ గ్యాస్ కట్టేసి, ఆవిడ పక్కనే కూలబడింది. కోపమంతా కన్నీళ్లయిపోయింది.

ఆ సాయంత్రం సంపూర్ణమ్మ సన్న లేసు పక్కన పెట్టి, లావు నూలు దారంతో రెండు పొరలుగా, అరచేయంత గుడ్డలు రెండు అల్లింది. ఏ దేశాల బల్లల మీద పరవడానికో ఏళ్ల తరబడి లేసు అల్లిన ఆ చెయ్యి సొంత వంటింటికి ఏదైనా అల్లడం అదే మొదలు. హెలెన్ వాటిని పొయ్యికి ఎడంగా, చేతికందే మేకుకి తగిలించింది.

మర్నాడు సంపూర్ణమ్మ చెంగు నడుముకి బిగించి దోపుకుని, ఆ గుడ్డలతో గిన్నె దించింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

“అమ్మాయ్! ఆ నైటీ మీద చున్నీ ఏంటి, పొయ్యి మీద ఆరేసుకుంటున్నావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

చెప్పడం అదే మొదటిసారి. అయినా హెలెన్‌కి ఒళ్లు మండలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చున్నీ తీసి తలుపు మీద వేస్తూ హాల్లోకి చూసింది. ఆశ తువ్వాలు నడుముకి దోపుకుని, చేతిరుమాలు మడతపెట్టి పట్టుకుని, బొమ్మ పొయ్యి మీంచి బొమ్మ గిన్నె దించుతోంది.